మరిది చేసిచ్చిన సిస్టమ్

“ఒకే లెక్క రెండుసార్లు వేస్తే రెండు జవాబులొచ్చాయట. దాన్నేమంటారు?” అన్నాడు అన్నగారు, మంచినీళ్ల గ్లాసు బల్ల మీద చప్పుడయ్యేలా పెట్టి. “పరధ్యానం అంటారు. లేదంటే దొంగలెక్క అంటారు. మూడో పేరేదైనా ఉంటే నువ్వే చెప్పు.”

వదిన కంచంలో చెయ్యి పెట్టి అలాగే కూర్చుంది.

“ఫైలు మార్చావా?”

“మార్చలేదు.”

“ఎవరితోనో మాట్లాడుతూ ఏదైనా నొక్కేశావా?”

“లేదండీ.”

“మరి ఎలా వచ్చింది?”

“తెలీదు.”

“తెలీదు, తెలీదు! నిన్నట్నుంచి ఇదే మాట. ఆఫీసులో కూడా ఇదే చెబుతావా?”

“ఆ కళ్లజోడు మార్పించుకోవే అని ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నా,” అంది అత్తగారు. ఇంట్లో ఎవరికి ఏ కష్టమొచ్చినా ఆవిడ కళ్లజోడు దగ్గరే మొదలుపెడుతుంది. పోయినేడు పెద్దకొడుక్కి నడుం పట్టేసినప్పుడు కూడా అదే సలహా ఇచ్చింది.

ఎవరూ నవ్వలేదు.

బల్లకి ఆ చివర అన్నగారి తమ్ముడు చిన్నోడు కూర్చున్నాడు. పేరుకే చిన్నోడు, కణతల దగ్గర అప్పుడే నెరుపు వచ్చేసింది. ఇళ్ల ప్లాన్లు గీసేవాళ్లకీ, సినిమాలకి బొమ్మలు కదిలించేవాళ్లకీ, స్కానింగ్ సెంటర్లకీ వర్క్‌స్టేషన్లు తయారుచేసి ఇచ్చే షాపు అతనిది. పిల్లలు ఆటలాడుకునే కంప్యూటర్లు కావవి. రాత్రనక పగలనక లెక్కలు వేయించినా వేడెక్కకూడదు, ఆగకూడదు, తప్పు చెయ్యకూడదు. మేడమీద వదిన ఆఫీసు పని చేసుకునే గదిలో, రాతబల్ల కింద గుర్రుమనే నల్ల పెట్టె కూడా అతను చేసిచ్చిందే.

ఇంత గొడవ జరుగుతున్నా అతను తల ఎత్తలేదు. ముద్ద కలపడం, మళ్లీ విడదీయడం, అదే పనిగా పెట్టుకున్నాడు. పక్కన కూర్చున్న అతని భార్య ఒకసారి అతని కంచంలోకీ, ఒకసారి అతని మొహంలోకీ చూసింది. ఆవిడ స్కూల్లో బొమ్మల టీచరు. అబద్ధం చెప్పే పిల్లల్ని రోజూ చూస్తుంది.

“నువ్వు చెప్పరా,” అన్నాడు అన్నగారు. “సిస్టమ్‌లో ఏదైనా తేడా ఉండే వీలుందా?”

చిన్నోడు ముద్ద కంచంలోనే వదిలేశాడు. నోరు తెరిచాడు.

అతని బదులు వదినే చెప్పింది. “వాణ్ణెందుకండీ మధ్యలోకి లాగుతారు? ఆఫీసులో పెద్దసారు కూడా అదే అడిగారు, సిస్టమ్ ఎక్కడిది అని. మా మరిది దగ్గరుండి చేసిచ్చిందండీ, దాన్ని అనుమానించే పనిలేదు అని చెప్పాను.”

“మరింకేం. సిస్టమ్ బాగుంది, మనిషే బాగాలేదు. తేలిపోయింది!”

చిన్నోడు మంచినీళ్లు తాగాడు. అప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు. తెరిచిన నోటిని నీళ్లతో మూసుకున్నాడు.

వదిన ఆఫీసు నుంచి ఏ కట్టడం లెక్క బయటికి వెళ్లినా దాని కింద ఆమె సంతకం ఉండాలి. ఇన్నేళ్లుగా ఉంది. ఇప్పుడు బస్సు డిపో పైకప్పు దగ్గర వచ్చింది చిక్కు. ఏ స్తంభం ఎంత బరువు మోస్తుందో ఆమె ఇచ్చిన అంకె ఒకటి. ఆఫీసులో సరిచూసినవాళ్లకి వచ్చిన అంకె ఇంకొకటి. అదే ఫైలుతో ఆమె మళ్లీ చేసి చూస్తే వాళ్ల అంకే వచ్చింది. దాంతో అసలు మొదట్లో లెక్క చెయ్యనే లేదని, చేసినట్టు అంకెలు వేసేసిందని మాట పుట్టింది.

“భోంచేశాక పెద్దసారు ఫోన్ చేస్తాడు కదా,” అన్నాడు అన్నగారు, కాస్త గొంతు తగ్గించి. “ఒప్పేసుకో. పరధ్యానంలో పాత అంకెలు పంపేశాను, క్షమించండి అను. ఉద్యోగమైనా మిగులుతుంది.”

“సంతకం పెట్టే అధికారం తీసేస్తారు.”

“తీసేస్తే తీసేస్తారు. పక్కన కూర్చుని బొమ్మలు గీసుకో.”

“చెయ్యని తప్పు చేశానని ఎలా చెప్పనండీ?”

“చేశావో లేదో నీకే తెలీదంటున్నావు కదే!”

వదిన ఆయనవైపు చూసింది.

“అవును,” అంది చివరికి. “అదీ నిజమే. చేశానేమో.”

ఆ ‘చేశానేమో’ విన్నాక చిన్నోడికి అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. కూర్చునే మొహం లేదు కూడా. షాపుకి వెళ్లాలని గొణిగి, చెయ్యి కడుక్కుని, భుజాన సంచీ తగిలించుకున్నాడు. వీధి తలుపు వైపు నాలుగడుగులు వేసి, ఎవరూ చూడడం లేదని నమ్మకం కుదిరాక మేడమెట్లెక్కాడు.

వదిన గదిలో కిటికీ తెరిచి ఉంది. బల్ల మీద రెండు పెద్ద తెరలు పక్కపక్కనే ఉన్నాయి. గోడకి డిపో పైకప్పు బొమ్మ అంటించి ఉంది. దాని మీద ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి, పక్కన ప్రశ్నార్థకం వేసి, ఆ ప్రశ్నార్థకం మీద మళ్లీ మళ్లీ దిద్దింది వదిన. కాగితం అక్కడ చిరిగేలా ఉంది.

చిన్నోడు సిస్టమ్ ఆపి, పెట్టెని బల్ల కిందనుంచి లాగాడు. పక్క రేకు విప్పాడు. ఊళ్లోవాళ్ల పెట్టెలు విప్పేటప్పుడు అతను ఈల వేస్తాడు. ఇవాళ పెదాలు తడారిపోయి ఉన్నాయి.

సంచీలోంచి, పొద్దున షాపు నుంచి తెచ్చుకున్న వెండిరంగు కవరు తీశాడు. అందులో కొత్త ర్యామ్ ముక్కలున్నాయి. ఇవి పెట్టేసి, రేకు బిగించేస్తే అయిపోతుంది. సాయంత్రం ఆఫీసు నుంచి ఎవరొచ్చి పరీక్షించినా సిస్టమ్ లోపల ఏ లోపమూ దొరకదు. తన షాపు పరువూ ఉంటుంది.

“షాపు మేడమీదికి ఎప్పుడు మారింది?”

గుమ్మంలో భార్య నిలబడి ఉంది. అతను ఉలిక్కిపడి కవరు వీపు వెనక పెట్టుకున్నాడు. కట్టుకున్న భార్య దగ్గర అలా చేసినందుకు వెంటనే సిగ్గు కూడా వేసింది.

“దుమ్ము పట్టింది. తుడుద్దామని.”

“అన్నం మధ్యలో లేచి?”

“మరీ ఎక్కువ పట్టింది.”

ఆవిడ లోపలికొచ్చి తలుపు దగ్గరికి వేసింది. “ఆ చేతిలోది చూపించండి.”

చూపించాడు.

“ఏంటివి?”

“ర్యామ్. సిస్టమ్ లెక్క చేసేటప్పుడు అంకెలన్నీ వీటిలో పెట్టుకుంటుంది. మామూలు ర్యామ్‌లో ఎప్పుడైనా ఒక అంకె దానంతటదే మారిపోవచ్చు. ఎక్కడో ఒక్కటి. ఎవరికీ తెలీదు. ఇవి వేరే రకం. మారితే పట్టుకుంటాయి, అవే సరిచేసుకుంటాయి. వదిన చేసేలాంటి పనులకి ఇవే పెట్టాలి.”

“అక్క సిస్టమ్‌లో ఇవే ఉన్నాయిగా?”

అతను పెట్టె లోపలికి చూశాడు.

“ఉన్నాయిగా?” ఆవిడ గొంతు పెరిగింది.

“మెల్లిగా మాట్లాడు. ఉండేవి. నేనే తీశాను.”

ఆవిడ వదిన కుర్చీలో కూలబడింది.

“స్కానింగ్ సెంటర్ వాళ్ల సిస్టమ్ చెడిపోయింది,” అన్నాడు చిన్నోడు గబగబా. “పేషెంట్లు వరండాలో కూర్చుని ఉన్నారు. ఆ డాక్టరు షాపుకొచ్చి నా మీద కేకలేశాడు, అందరి ముందూ. కంపెనీ దగ్గర స్టాకు లేదు. వదిన ఊళ్లో లేదు. రెండు రోజుల్లో వేరేవి తెచ్చి పెట్టేద్దామని ఇవి తీసి వాళ్లకి పెట్టాను. ఎవరో పిల్లాడి ఆటల కంప్యూటర్‌లోంచి తీసినవి షాపులో ఉంటే, అవి ఇక్కడ పెట్టాను.”

“రెండు రోజుల్లో మార్చలేదు.”

“స్టాకు వచ్చిన రోజున ఇంకెవరో వచ్చి కూర్చున్నారు. వాళ్లకిచ్చేశాను. వాళ్లు బయటివాళ్లు కదా, మాటపడాలి. వదినంటే మన ఇంటి మనిషే కదా అని...”

ఆ మాట సగంలో ఆగిపోయింది. ఇన్నాళ్లూ మనసులో అనుకుంటూ వచ్చినప్పుడు ఎంతో సబబుగా ఉన్న మాట, బయటికొచ్చేసరికి అతనికే అసహ్యంగా వినిపించింది.

“మన ఇంటి మనిషి కాబట్టి పాతవి పెట్టారు,” అంది ఆవిడ.

అతను కవరు అంచు విప్పాడు.

“ఇప్పుడు పెట్టేస్తున్నానుగా,” అన్నాడు. “ఇక మీద ఏ తప్పూ రాదు.”

“ఏమండీ, మీకు నిజంగా అర్థం కాలేదా, కానట్టు నటిస్తున్నారా? ఇప్పుడివి పెట్టేస్తే, వాళ్లొచ్చి సిస్టమ్ చూసి బాగుందంటారు. సిస్టమ్ బాగుంటే అక్క దొంగ అన్నట్టేగా? ఆ పాతవి ఉన్నంతసేపే అక్క తప్పు చెయ్యలేదని చూపించడానికి ఏదో ఒకటి ఉంది. మీరొచ్చి దాన్నే మాయం చేస్తున్నారు.”

చిన్నోడికి తల కొట్టేసినట్టయింది. నిజంగానే అతను ఆ వైపునుంచి ఆలోచించలేదు. బాగుచెయ్యడం తప్ప వేరే విద్య రానివాడు. బాగుచేస్తే సరిపోతుందనుకున్నాడు. మేడమెట్లు ఎక్కుతున్నప్పుడు లోలోపల కాస్త గర్వపడ్డాడు కూడా, వదిన కోసం ఏదో చేస్తున్నానని.

“వెళ్లి చెప్పండి,” అంది ఆవిడ.

“ఏ మొహం పెట్టుకుని చెప్పను?”

“ఉన్న మొహం పెట్టుకునే.”

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. చిన్నోడు పక్క రేకు అందుకోబోయాడు. భార్య కాలు చాచి ఆ రేకుని మంచం కిందికి తోసేసింది.

వదిన టీ కప్పుతో లోపలికొచ్చింది. విప్పి ఉన్న పెట్టెనీ, నేల మీద కూర్చున్న మరిదినీ చూసి గుమ్మంలోనే ఆగింది. పొద్దుట్నుంచి ఏ భావమూ లేని ఆమె మొహం ఒక్కసారి మెత్తబడింది.

“నా కోసం వెతుకుతున్నావురా?” అంది. “అన్నం కూడా వదిలేసి?”

చిన్నోడికి నేల చీలితే అందులోకి పోదామనిపించింది.

“ఇదిగో, టీ తాగు. నువ్వు షాపుకి వెళ్లలేదని చెప్పులు చూసి తెలుసుకున్నాలే.” కప్పు అతని చేతికిచ్చి, గోడకి అంటించిన బొమ్మవైపు తిరిగింది. “వెతక్కురా. నీ సిస్టమ్‌లో ఏం దొరుకుతుంది? నేనే ఎక్కడో చేసుంటాను. మీ అన్నయ్య అన్నదే నిజం. ఈమధ్య పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోతున్నాను. గ్యాస్ కట్టానా లేదా అని మళ్లీ లేచి చూసుకుంటున్నాను. వయసు మీద పడుతోందేమో.”

“అక్కా, అలా అనకండి,” అంది చిన్నకోడలు.

“అంటే తప్పేముందే. పెద్దసారు ఫోన్ చేస్తే ఒప్పేసుకుంటాను. మనసు కాస్త తేలికపడుతుంది. ఏం చేశానో తెలీకుండా ఉండడమే నరకంగా ఉంది. నిన్న రాత్రంతా నా చేతులే చూసుకుంటూ పడుకున్నాను, ఏ వేలు నొక్కిందా అని.”

చిన్నోడు కప్పు నేలమీద పెట్టాడు.

“నువ్వేం నొక్కలేదు వదినా.”

“నీకెలా తెలుసు?”

“నేను మార్చాను. ర్యామ్. నువ్వు ఊళ్లో లేనప్పుడు. మంచివి తీసి వేరేవాళ్లకిచ్చి, నీకు మామూలువి పెట్టాను. మళ్లీ మార్చలేదు. అంకె మారింది అందుకే అయ్యుంటుంది. నువ్వు కాదు.”

చెప్పేశాక తేలిగ్గా ఉంటుందని ఎక్కడో విన్నాడు. ఏమీ తేలిగ్గా లేదు. పైగా వదిన మొహం కేసి చూడాల్సి వచ్చింది.

ఆమె అరవలేదు. ఏడవలేదు. నెమ్మదిగా అంది, “స్టార్ట్ చేసినప్పుడు ఎర్ర అక్షరాలతో ఏదో వస్తోందని నీకు చెప్పాను.”

“ఊఁ.”

“నువ్వొచ్చి చూశావు.”

“ఊఁ.”

“ఏం లేదు వదినా, ఊరికే వచ్చే మెసేజ్, రాకుండా చేశాను అన్నావు. మళ్లీ రాలేదు. మావాడు ఎంత పనిమంతుడో అనుకున్నాను.”

ర్యామ్ తీసిన రోజు కాదు, ఆ రోజు చేసినదే అసలు పాపమని చిన్నోడికీ తెలుసు. ఆ హెచ్చరిక వదినకి కనపడకుండా ఆపేసిన చెయ్యి ఇదే. డాక్టరు లేడు అప్పుడు, తొందరా లేదు. అడిగితే చెప్పుకోలేక, అంతే.

కింద అత్తగారు ఎవరికో కళ్లజోడు గురించే చెబుతోంది.

వదిన తిడుతుందని చూశాడు చిన్నోడు. ఎందుకు చేశావని అడుగుతుందనుకున్నాడు. దానికి జవాబు కూడా, సిగ్గుమాలిన జవాబే అయినా, సిద్ధం చేసుకున్నాడు.

“ఎప్పుడు తీశావు?” అంది వదిన.

“ఆఁ?”

“ఎప్పుడురా? ఏ రోజు?”

“మీ చెల్లెలికి కాన్పయిందని వెళ్లావే, అప్పుడు.”

వదిన వేళ్లు మడవడం మొదలుపెట్టింది. పెదాలు కదులుతున్నాయి గానీ మాట వినపడడం లేదు. వాటర్ ట్యాంకు లెక్క ఊరెళ్లకముందే అయిపోయింది. డిపో తర్వాత. మధ్యలో... ఆమె వేలు అక్కడ ఆగిపోయింది.

“స్టేషన్ దగ్గర నడకవంతెన,” అంది.

చిన్నకోడలు కుర్చీలోంచి లేచింది. “అది మొన్ననేగా తెరిచారు! మా స్కూలు పిల్లలంతా దాని మీదుగానే...”

“లెక్క దీని మీదే చేశాను. ఊరి నుంచి రాగానే మొదలుపెట్టిన పని అదే.”

“వదినా, వంతెన బాగానే ఉండి ఉంటుంది,” అన్నాడు చిన్నోడు. “ప్రతి లెక్కా తప్పవ్వాలని లేదు. ఎప్పుడో ఒకసారి జరుగుతుంది అలా. అది బాగానే వచ్చి ఉండొచ్చు.”

“ఉండొచ్చు. ఏది బాగా వచ్చిందో, ఏది రాలేదో నాకు తెలీదు. నీకు తెలుసా?”

అతను తల అడ్డంగా ఊపాడు. ఇంతసేపూ అతని సిగ్గు ఈ ఇంటి గోడల మధ్యే ఉంది. వదిన ముందు, అన్న ముందు, భార్య ముందు. ఇప్పుడది మెట్లు దిగి, వీధిలోకి నడిచి, జనం మధ్యకి పోయింది. స్కూలు సంచీలతో పరిగెత్తుకుంటూ వంతెనెక్కే పిల్లలు కళ్లముందు కనిపించారు.

“ఫోనొచ్చింది!” అంటూ అన్నగారు మెట్లెక్కి వచ్చాడు. ఫోన్ మీద చెయ్యి మూసి పట్టుకుని, భార్యతో గుసగుసగా అన్నాడు, “పెద్దసారు. మంచి మూడ్‌లోనే ఉన్నాడు. ఎక్కువ మాట్లాడకు. పరధ్యానం, క్షమించండి. అంతే.”

వదిన ఫోన్ అందుకుంది.

“సార్, డిపో సంగతి తర్వాత చూద్దాం. ముందు స్టేషన్ దగ్గర నడకవంతెన మీదికి మనుషుల్ని ఎక్కనివ్వకండి... అవును సార్, ఇప్పుడే... లేదు సార్, నా మనసు బాగానే ఉంది. ఆ లెక్క నమ్మడానికి వీల్లేదు, మళ్లీ చెయ్యాలి... సిస్టమ్ గురించి నేను మీకు చెప్పింది తప్పు.”

“ఏం మాట్లాడుతున్నావే?” అన్నాడు అన్నగారు.

“నిజమే సార్. నిన్న సిస్టమ్ బాగుందన్నదాన్ని, ఇవాళ బాగాలేదంటే తప్పించుకోడానికి అంటోందనే అనుకుంటారు. నేనైనా అలాగే అనుకుంటాను. అందుకే నేను చెప్పను. చెప్పాల్సిన మనిషి ఇక్కడే ఉన్నారు.”

ఫోన్ చిన్నోడి ముందుకు చాచింది.

“తీసుకోండి,” అంది.

వదిన ఈ ఇంటికి కోడలిగా వచ్చిన రోజున అతను ఇంకా కాలేజీ కుర్రాడు. ఆనాటి నుంచి ఈనాటి వరకూ ఆమె అతన్ని ‘మీరు’ అని పిలిచింది లేదు. చెంపమీద కొట్టినా ఇంతకన్నా బాగుండేది.

అతను లేచి నిలబడి ఫోన్ తీసుకున్నాడు. అన్నగారు విప్పి ఉన్న పెట్టెనీ, కుర్చీ పక్కన నిలబడ్డ మరదల్నీ, తమ్ముడి చేతిలో వెండిరంగు కవరునీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆయన మొహంలో కోపం పోయి ఇంకేదో మొదలైంది.

“హలో,” అన్నాడు చిన్నోడు. “నేను... ఈ సిస్టమ్ చేసిచ్చినవాణ్ణి సార్.”

“ఓ, మరిదిగారా!” అవతల పెద్దసారు గొంతులో ప్రాణం లేచొచ్చింది. “మీరు దొరికారు, బతికించారు. ఆవిడ ఏదో కంగారులో మాట్లాడుతున్నారు. మొన్న తెరిచిన వంతెన ఇవాళ మూస్తే నేను ఎవరెవరికి జవాబు చెప్పుకోవాలి? మీ పనితనం గురించి ఆవిడే నాకు ఎంతో చెప్పారు. సిస్టమ్‌లో ఏ లోపమూ లేదని మీ నోటితో ఒక్క మాట అనండి బాబూ, చాలు. నేను వంతెన జోలికి పోను. ఆవిడ పొరపాటు కూడా ఇక్కడితో మర్చిపోతాను. ఎవరి పరువూ పోదు.”

ఆ మాటలు చిన్నోడికి తప్ప గదిలో ఇంకెవరికీ వినపడలేదు.